అక్కనడగండి: చెరువులు, గుట్టలు, వాటిని విడవని ఆడవాళ్ళు

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా భూమి గురించో నీళ్ళ గురించో ఉన్నాయి. రాసినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, అందులోనూ యానాది కాలనీల నుంచి, సుగాలి తండాల నుంచి వచ్చినవే ఎక్కువ. అందుకని పెళ్ళి సంబంధాలు, అత్తాకోడళ్ళ తగాదాలు వచ్చే నెలకి వాయిదా వేసి ఈ పేజీలన్నీ వీటికే ఇచ్చేశాను. ఎవరి పేర్లూ వేయలేదు, ఊళ్ళ పేర్లూ వేయలేదు. ఎందుకో మొదటి ఉత్తరం చదివితే మీకే తెలుస్తుంది.

ప్రశ్న: అక్కా, మాది శ్రీకాళహస్తి వైపు ఒక యానాది కాలనీ. కాలనీ వెనకే చెరువు. కొన్నాళ్ళుగా రాత్రిపూట ట్రాక్టర్లతో మట్టి తోలి చెరువు లోపల పూడుస్తున్నారు, ప్లాట్లు వేస్తారంట. మా మగవాళ్ళు నోరు తెరవరు, ఆ మట్టి తోలించేవాళ్ళ మామిడి తోటల్లోనే కాపలా ఉంటారు, అప్పు కూడా ఉంది. మేం ఆడవాళ్ళం ఒక పదిమంది ట్రాక్టర్‌కి అడ్డం పడుకుందామనుకుంటున్నాం. పడుకోవచ్చా? (అంగన్‌వాడీలో పనిచేసే ఒక చెల్లెలు)

జవాబు: పడుకోవద్దు చెల్లీ. రాత్రిపూట అసలే వద్దు. చీకట్లో మీరు ట్రాక్టర్‌కి ఎదురెళ్తే దెబ్బలు మీకే తగులుతాయి, తెల్లారేసరికి కేసు కూడా మీ మీదే ఉంటుంది. చేయాల్సింది పగలు చేయండి, నలుగురూ చూసేచోట, చేతిలో కాగితం పెట్టుకుని.

ముందు ఆ నేల రికార్డులో ఏమని ఉందో చూడండి. గ్రామ సచివాలయంలో సర్వేయర్ని అడిగితే సర్వే నంబరు చెప్తాడు, దానికి ఎఫ్‌ఎంబీ (నేల కొలతల పటం) నకలు, అడంగల్ (ఆ నేల ఎవరి అనుభవంలో ఉందో రాసిన రికార్డు) నకలు తీసుకోండి. ఇచ్చేది లేదంటే సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి, రైస్ కార్డు నకలు జతచేస్తే ఫీజు కట్టక్కర్లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. చెరువు పోరంబోకు, అంటే ఎవరి సొంతం కాని ప్రభుత్వ భూమి అని ఉంటే మీ పని చాలావరకు తేలికవుతుంది. లోపల మాకు పట్టా ఉందని వాళ్ళు కాగితం తీయొచ్చు, కొన్ని చెరువుల్లో ముంపు పట్టాలు నిజంగానే ఉంటాయి, కానీ పట్టా ఉన్నంత మాత్రాన నీళ్ళు నిలిచే చోట మట్టి పోసి ప్లాట్లు కొట్టే హక్కు దానంతటది రాదు. చెరువులు, కుంటలు, గుట్టలు ఊరందరి సంపద, వాటిని కాపాడాల్సిందేనని సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో చెప్పింది. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసు పంజాబులో ఒక ఊరి చెరువు పూడ్చి ఇళ్ళు కట్టిన కేసే. ఎన్నేళ్ళ నుంచి ఆక్రమించుకున్నా, ఎంత డబ్బు పోసి కట్టినా, ఏ నాయకుడు వెనక ఉన్నా అది సాకు కాదని అందులో తేల్చేశారు. ఈ రెండు పేర్లూ మీ అర్జీలో రాయండి, చదివే ఆఫీసరు కుర్చీలో కాస్త సర్దుకుని కూర్చుంటాడు.

ఇంకో చిక్కు ఉంది, ముందే చెప్తున్నా. మీరు అర్జీ పెట్టగానే అవతలివాళ్ళు చేసే మొదటి పని, "వీళ్ళ కాలనీ కూడా పోరంబోకులోనే ఉంది, ముందు వీళ్ళని లేపండి" అనడం. మన వైపు చాలా యానాది కాలనీలు చెరువు కట్టల మీదో వంకల పక్కనో ఉన్నమాట నిజం, వేరేచోట ఎవరూ చోటివ్వలేదు కాబట్టి. అదే 2011 తీర్పులో, భూమిలేని కూలీలకి, ఎస్సీ ఎస్టీలకి ప్రభుత్వం ఇచ్చిన చోట్ల విషయంలో మినహాయింపు చూపించారు. కాబట్టి కాలనీలో ఎవరెవరికి ఇంటి పట్టా ఉందో, ఎవరికి లేదో చెరువు అర్జీ కంటే ముందే లెక్క రాసుకోండి, లేనివాళ్ళ చేత పట్టా కోసం విడిగా అర్జీ పెట్టించండి. ఇది చేయకుండా ముందుకెళ్ళొద్దు.

ఇక మీ దగ్గర మాత్రమే ఉన్నది ఒకటుంది. ఆ చెరువులో నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో సర్వేయర్ కంటే మీ అవ్వలకి బాగా తెలుసు. 2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా, తిరుపతి వీధులన్నీ వంకలైపోయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ళు ఖాళీ చేయించారు. అప్పుడు మీ చెరువు నీళ్ళు ఎవరి ఇంటి మెట్టుదాకా వచ్చాయి, మొరవ ఎటు పారింది, చెరువులోకి వచ్చే కాలువ ఎక్కడ మూసేశారు, తూము ఎప్పటినుంచి పనిచేయడం లేదు, ఎండాకాలం చివరిదాకా తడి ఉండే గుంత ఏది, నత్తలు ఏ మూల దొరుకుతాయి, అక్కదేవతల రాళ్ళు ఏ చెట్టు కింద ఉన్నాయి, పెద్దోళ్ళని పూడ్చిన చోటు ఎక్కడ, ఇవన్నీ అడిగి రాయండి. ఒక ఆదివారం పూట కాలనీ మధ్యలో ముగ్గుపిండితో చెరువు బొమ్మ గీయండి, ముసలమ్మలు నిలబడి ఇక్కడ కాదే, అక్కడ అని సరిచేస్తారు, చివరికి దాన్ని ఫోటో తీయండి. తర్వాత పగటిపూట అందరూ కలిసి నడుస్తూ ఒక్కోచోటా ఫోటో తీయండి, ఫోన్లో తేదీ, లొకేషన్ ఆన్ చేసి. అవ్వలు చెప్పింది వాళ్ళ మాటల్లోనే కాగితం మీద పెట్టి, పేరు రాసి, వేలిముద్ర వేయించండి. చెరువు ఇంతే అని వాళ్ళు చూపించే మ్యాపుకి ఎదురుపెట్టడానికి మీకు ఇంతకంటే గట్టిది దొరకదు.

మగవాళ్ళ మీద కోపం పెట్టుకోవద్దు. అప్పు తీరేదాకా ఆ తోట వదిలి పోలేని స్థితి ఉంటే దాని పేరు వెట్టిచాకిరీ, 1976 చట్టం ప్రకారం నేరం, ఆ అప్పు కూడా చట్టం దృష్టిలో రద్దయినట్టే. అది కలెక్టరుకి వేరే అర్జీ. ఎస్సీ ఎస్టీలు వాడుకునే నీళ్ళని పాడుచేయడం, వాళ్ళ నేల లాక్కోవడం ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం (అందరూ అట్రాసిటీ చట్టం అనేది) కిందకి వస్తాయి. బెదిరింపు వస్తే ఎవరన్నారు, ఏ మాటన్నారు, ఎవరి ముందు అన్నారు, ఆ రోజే రాసి పెట్టుకోండి. అర్జీ మీద ఒక్కరి సంతకం కాకుండా అందరిదీ ఉండాలి. నువ్వు అంగన్‌వాడీ ఉద్యోగం చేస్తున్నావు కాబట్టి నీ పేరు మొదట్లో వద్దు, మధ్యలో ఎక్కడో ఉండనీ.

ప్రశ్న: మా తండా గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది, పెసా చట్టం ప్రకారం గ్రామసభ వద్దంటే క్వారీ రాదంట. మా గుట్టకి క్వారీ వస్తోంది. ఇది మాకు వర్తిస్తుందా? (ఒక తమ్ముడు, చిత్తూరు జిల్లా పడమటి మండలాల నుంచి)

జవాబు: వర్తించదు తమ్ముడూ. 1996 పెసా, అంటే షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం, రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ప్రకటించిన ప్రాంతాలకే, మన రాష్ట్రంలో అవి మన్యం వైపు ఉన్నాయి. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో షెడ్యూల్డ్ ఏరియా లేదు. గిరిజనులు ఉన్నారు, ఏరియా లేదు. షెడ్యూల్డ్ ఏరియా భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టమూ అంతే, గిరిజన ప్రాంతంలో ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకి మైనింగ్ లీజుకివ్వడం చెల్లదని 1997లో వచ్చిన సమత తీర్పూ అంతే. ఆ మెసేజ్ పట్టుకుని ఆఫీసుకెళ్తే నవ్వి పంపిస్తారు, ఆ తర్వాత మీరు సరైన చట్టం పేరు చెప్పినా వినరు.

ఆ సరైన చట్టం 2006 అటవీ హక్కుల చట్టం. దీనికి షెడ్యూల్డ్ ఏరియాతో పనిలేదు, దేశమంతా ఉంది. మీ గుట్ట అటవీ భూమి అయితేనే ఇది పనిచేస్తుంది, రెవెన్యూ గుట్ట అయితే కాదు, అది ముందు తేల్చుకోండి. గిరిజనులు 2005 డిసెంబరు 13కి ముందునుంచి సాగు చేసుకుంటున్న అటవీ భూమికి 4 హెక్టార్లు మించకుండా హక్కు అడగొచ్చు, మొగుడూ పెళ్ళాం ఇద్దరి పేరుతోనూ పత్రం ఇవ్వాలి. అంతకంటే మీకు ముఖ్యమైంది సామూహిక హక్కు. మేత, వంటచెరకు, చింతపండు, తేనె, గడ్డలు, నీటి ఊటలు, వీటిని వాడుకునే హక్కు, కాపాడుకునే హక్కు ఊరిదే.

దీనికి గ్రామసభ పెట్టాలి. సభ్యుల్లో సగంమంది రావాలి, వచ్చినవాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు లేకపోతే కోరం లేనట్టే. అటవీ హక్కుల కమిటీలోనూ మూడోవంతు ఆడవాళ్ళే. ఈ నియమాన్ని చాలాచోట్ల సంతకాల పుస్తకం ఇంటింటికీ పంపి నింపేస్తారు, మీ తండాలో అలా చేయనివ్వొద్దు, ఎందుకంటే రుజువు చెప్పాల్సింది ఆ ఆడవాళ్ళే. ఈ చట్టం నిబంధనల్లో రుజువులంటే పట్టాలు, రసీదులే కాదు, పాత బావులు, శ్మశానాలు, దేవుడి చోట్లు, ఊరి పెద్దలు చెప్పి రాయించిన వాంగ్మూలం కూడా రుజువే. మీ గుట్టమీద ఏ ఊట దగ్గర ఎప్పటినుంచి కడవలు నింపుతున్నారో మీ జేజిని అడుగు. నువ్వు చెప్పలేవు.

ప్రశ్న: తిరుపతిలో పీజీ చదువుతున్నాను. "ఆదివాసీ మహిళల పర్యావరణ జ్ఞానం" మీద ప్రాజెక్టు ఇచ్చారు. నేను యానాదినే, హాస్టల్లో చాలామందికి తెలీదు. మా అవ్వని అడిగితే "గడ్డలు తవ్వడం కూడా చదువేనా" అని నవ్వింది. నాక్కూడా అలాగే అనిపిస్తోంది, ఇదంతా సెమినార్ల కోసం పెద్దది చేసి చెప్పడం కాదా? (పీజీ విద్యార్థిని)

జవాబు: సెమినార్లలో పెద్దది చేసి చెప్పేవాళ్ళు ఉన్నారు, కాదనను. 2022లో ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి ఐక్యరాజ్యసమితి ఎంచుకున్న అంశం కూడా ఇదే, సంప్రదాయ జ్ఞానాన్ని కాపాడి అందించడంలో ఆదివాసీ మహిళల పాత్ర. ఆ ఏడాది బ్యానర్లు చాలా కట్టారు. బ్యానర్ పక్కనపెట్టి అవ్వ చేతివైపు చూడు.

శేషాచలం కొండల్లో దొరికే మారేడు గడ్డలనే తీసుకో, నన్నారి షర్బత్‌కి వాడేవి, ఊరగాయ పెట్టేవి. అది ప్రపంచంలో దక్షిణ భారతంలో తప్ప ఇంకెక్కడా పెరగని తీగ. వ్యాపారికి గడ్డ బరువు కావాలి కాబట్టి వాడి మనుషులు మొత్తం పెరికేస్తారు. తెలిసినావిడ పక్క వేర్లు కొన్ని తీసి, నడిమి వేరు వదిలి, మట్టి మళ్ళీ కప్పి వస్తుంది, ఎందుకంటే రెండేళ్ళకో మూడేళ్ళకో తనే మళ్ళీ అక్కడికి రావాలి. ఇది కొండ మీద దయతో చేసేది కాదు, బతుకు లెక్క. ఆ లెక్క తప్పనివాళ్ళున్నచోట తీగ మిగిలింది. 2010లో శేషాచలాన్ని బయోస్పియర్ రిజర్వ్ అని ప్రకటించారు, మంచిదే, అందులో ఏ తీగ ఎక్కడ తగ్గిపోతోందో మొదట తెలిసేది మాత్రం అక్కడ రోజూ తిరిగేవాళ్ళకి.

పులికాట్ సరస్సు చూడు. నడుంలోతు నీళ్ళలో చేతులతో బురద తడిమి రొయ్యలు పట్టే ఆడవాళ్ళు ఉన్నారు, ఇరుళలు, యానాదులు. వల లేదు, పడవ లేదు. ఉప్పు పెరిగిందా, మంచినీళ్ళు దిగాయా, బురద గట్టిపడిందా అన్నది వాళ్ళకి అరచేతికి తెలుస్తుంది. ఎక్కడో కాలువ మూస్తే ఇక్కడ రొయ్య తగ్గిందని వాళ్ళే ముందు చెప్తారు, వినేవాళ్ళు ఉండరు అంతే. ఇంకా మన మెట్ట చేలల్లో సెనక్కాయల మధ్య అనుములు, అలసందలు, కంది కలిపి వేయించింది ఎవరు, విత్తనానికి బూడిద కలిపి కుండలో దాచింది ఎవరు? ఇది యానాదులదే కాదు, మన సీమలో ఆడవాళ్ళందరిదీ. మహారాష్ట్రలో మహాదేవ్ కోళీ తెగకు చెందిన రాహీబాయి పోపెరె బడికి వెళ్ళలేదు, నాటు విత్తనాలు పోగుచేసి పంచిపెట్టింది. కర్ణాటకలో హాలక్కి తెగ తులసి గౌడ నర్సరీలో కూలీగా మొదలుపెట్టి, ఏ చెట్టు విత్తనం తీస్తే మంచి మొక్క వస్తుందో చూసి చెప్పగలిగేది. ఇద్దరికీ 2020 పద్మశ్రీలు వచ్చాయి.

ప్రాజెక్టులో అవ్వ పేరు వేయి, "స్థానికులు తెలిపారు" అని రాయకు. అవ్వ ఏదైనా రాయొద్దంటే రాయకు, ముఖ్యంగా ఏ లోయలో ఏం దొరుకుతుందో. హాస్టల్లో చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం, చెప్పి తీరాలని నేను అనను, పక్క మంచం అమ్మాయి ఎలాంటిదో నాకు తెలీదు.

ప్రశ్న: మేడమ్, ప్రతిదానికీ అడ్డం పడితే జిల్లా ఎలా బాగుపడుతుంది? ఇదే జనం అడవిలో కట్టెలు కొట్టడం లేదా, ఎర్రచందనం కూలీలుగా పోవడం లేదా? (రిటైర్డ్ ఉద్యోగి, చిత్తూరు)

జవాబు: కొడుతున్నారు సార్. పొయ్యిలోకి కొడుతున్నారు, దుంగలు నరికే కూలికి పోయిన పేదవాళ్ళూ ఉన్నారు, దుంగల మీద మేడలు కట్టినవాళ్ళు మాత్రం వేరే. అడ్డం పడటం గురించి అంటారా, శ్రీహరికోట నుంచి రాకెట్ లేస్తే మీలాగే నేనూ టీవీ ముందు చప్పట్లు కొడతాను. 1969లో ఆ దీవిని ఎంచుకున్నప్పుడు అందులో యానాదులు ఉన్నారు, అడవి మీదా పులికాట్ మీదా బతికేవాళ్ళు, వాళ్ళు అడ్డం పడలేదు, లేవమంటే లేచారు. అడ్డం పడనందుకు వాళ్ళేమైనా బాగుపడ్డారా, సూళ్ళూరుపేట వైపు ఒకసారి వెళ్ళి ఆ కాలనీలు చూసి మీరే రాయండి, మీ ఉత్తరం ఈ పేజీలోనే వేస్తాను.

ప్రశ్న: అక్కా, ఇలా కొట్లాడిన ఆడవాళ్ళు ఎక్కడైనా గెలిచారా? నిజం చెప్పండి, ధైర్యం చెప్పడానికి కాదు. (ఏర్పేడు వైపు నుంచి, డ్వాక్రా సంఘం లీడరు)

జవాబు: గెలిచారు, కానీ గెలుపు ఎలా ఉంటుందో మొత్తం చెప్తాను.

కేరళ పాలక్కాడు జిల్లాలో ప్లాచిమడ అనే చిన్న ఊరు, ఇక్కడినుంచి మరీ దూరం కాదు. 2000లో కోకాకోలా ప్లాంటు వచ్చింది, బోర్లు వేసి నీళ్ళు తోడింది, కొన్నాళ్ళకే చుట్టుపక్కల బావులు అడుగంటాయి, ఉన్న నీళ్ళు తాగడానికి పనికిరాకుండా పోయాయి, అన్నం వండితే పాడయ్యేది. నీళ్ళు మారాయని ముందు పట్టుకున్నది వండేవాళ్ళు, మోసేవాళ్ళు. ఎరవాళర్ తెగకు చెందిన మయిలమ్మ, చదువు రాని మనిషి, మిగతా ఆడవాళ్ళని కూడగట్టి 2002 ఏప్రిల్ 22న ప్లాంటు గేటు ఎదురుగా పందిరి వేసి కూర్చుంది. రోజులు కాదు, ఏళ్ళు కూర్చున్నారు. కూలి పోయింది, అరెస్టులయ్యాయి. ఏడాదికి పంచాయతీ కదిలి లైసెన్సు పొడిగించనంది. 2003 డిసెంబరులో హైకోర్టు జడ్జి, భూమి కింద నీళ్ళు అందరివీ, ప్రభుత్వం వాటికి కాపలాదారే అన్నాడు. 2004 మార్చిలో ప్లాంటు ఆగింది, మళ్ళీ తెరవలేదు. ఇంతవరకు గెలుపు.

2005లో అదే హైకోర్టులో ఇద్దరు జడ్జీల బెంచి కంపెనీ వైపు తీర్పిచ్చింది. మయిలమ్మ 2007లో చనిపోయింది. 2010లో ప్రభుత్వ కమిటీ నష్టం 216 కోట్ల రూపాయలని లెక్కగట్టింది, పరిహారం కోసం ట్రిబ్యునల్ పెడుతూ 2011లో అసెంబ్లీ బిల్లు పాస్ చేసింది, దానికి రాష్ట్రపతి ఆమోదం రాలేదు. కంపెనీ 2017లో సుప్రీంకోర్టులో ఇక ప్లాంటు తెరిచే ఉద్దేశం లేదని చెప్పింది. నీళ్ళు తోడడం ఆగింది, డబ్బు రాలేదు. మీరు అడిగారు కాబట్టి చెప్తున్నా, ఆపడం ఒక పోరాటం, పోయినదాన్ని రాబట్టడం వేరే పోరాటం, రెండోది ఇంకా కష్టం.

ఒడిశా నియమగిరిలో బాక్సైట్ కోసం కొండ తవ్వుతామంటే, 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంది, 12 ఊళ్ళలో సభలు పెట్టారు, 12 ఊళ్ళూ వద్దన్నాయి. ఆ కొండమీద బతికే డోంగ్రియా కోంధ్ తెగ ఆడవాళ్ళు జడ్జి ముందు నిలబడి తమ భాషలో కొండ గురించి, ఊటల గురించి చెప్పారు. ఇది అటవీ హక్కుల చట్టంతో వచ్చిన గెలుపు. ఈక్వెడార్‌లో వావోరాని తెగ 2019లో చమురు తవ్వకం మీద కోర్టులో గెలిచింది, ముందుండి నడిపింది నెమోంటె నెంకీమో అనే మహిళ, సుమారు 5 లక్షల ఎకరాల అడవి మిగిలింది. వాళ్ళు తమ అడవికి తామే మ్యాపులు గీసుకున్నారు, కంపెనీ మ్యాపులో ఖాళీగా ఉన్నచోట వాళ్ళ మ్యాపులో వేట దారులు, మందుచెట్లు, వాగులు ఉన్నాయి. పైన శ్రీకాళహస్తి చెల్లెలికి ముగ్గుపిండి గురించి చెప్పింది అందుకే.

ఓడిపోయిన కథలూ ఉన్నాయి. హోండురాస్‌లో నది మీద ఆనకట్టకి ఎదురుతిరిగిన లెంకా తెగ నాయకురాలు బెర్తా కాసెరెస్‌ని 2016 మార్చిలో ఇంట్లోకి దూరి కాల్చి చంపారు. ఆమెకి అంతకుముందు ఏడాదే పెద్ద అంతర్జాతీయ బహుమతి వచ్చింది, అది ఆమెని కాపాడలేదు. ఒక్కరే ముందు నిలబడొద్దని, నాయకురాలు అని ఒక్కరి ఫోటోనే పేపర్లో వేయించొద్దని నేను పదేపదే చెప్పేది దీనికోసమే.

ప్రశ్న: మాది సుగాలి తండా. నాన్న పోయాడు. భూమిలో భాగం అడిగితే అన్నలు "ఎస్టీ ఆడపిల్లలకి చట్టంలో భాగం లేదు" అంటున్నారు. తండా భూమి కోసం ధర్నాలకి మాత్రం నన్నే ముందు కూర్చోబెడతారు. (పేరు వద్దన్న చెల్లెలు)

జవాబు: రెండో వాక్యం చదివి నాకు ఒళ్ళు మండింది. మీ అన్నలు చెప్పింది సగం నిజం. 1956 హిందూ వారసత్వ చట్టం 2(2) సెక్షన్ ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డ్ తెగలకి ఆ చట్టం వర్తించదు. దాంతో తెగ ఆచారం ఏదైతే అదే నడుస్తోంది, ఆచారం ఏమిటని అడిగితే మగవాడు చెప్పిందే ఆచారం. కానీ 2025 జులైలో సుప్రీంకోర్టు ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో, ఆడవాళ్ళకి భాగం ఇవ్వకూడదనే ఆచారం ఉందని రుజువు చేయకపోతే సమానంగా ఇవ్వాల్సిందేనని, ఆడమనిషి అయినందుకే కాదనడం రాజ్యాంగం ఇచ్చిన సమానత్వానికి విరుద్ధమని చెప్పింది. అంటే ఇప్పుడు ఆచారం ఉందని చూపించాల్సింది మీ అన్నలు.

భూమి సొంత పట్టానా, ప్రభుత్వం ఇచ్చిన డీకేటీ పట్టానా చూడు, లెక్క మారుతుంది. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, ఆడవాళ్ళకీ ఎస్టీలకీ ఆదాయంతో పనిలేకుండా లాయర్ని ఉచితంగా ఇస్తారు. కేసు వేసేముందు తండా పెద్దల పంచాయితీలో ఒకసారి అడుగు, మాట్లాడినంతసేపు పక్కన ఇద్దరు ఆడవాళ్ళని ఉంచుకో. వాళ్ళు కాదంటే కోర్టుకే. ధర్నాకి వెళ్ళడం మానొద్దు, కానీ ఈసారి ముందు వరసలో కూర్చోబెట్టేవాళ్ళని ఈ ప్రశ్న అందరిముందూ అడుగు.

ప్రశ్న: మా అత్త పసరు మందులు ఇస్తుంది, పాముకాటుకి కూడా. ఎవరో కంపెనీవాళ్ళమని వచ్చి ఆకులు చూపించమంటున్నారు, వీడియో తీసుకుంటామంటున్నారు, చీర పెడతారంట. (శేషాచలం కింద ఒక ఊరి నుంచి)

జవాబు: ముందు పాముకాటు సంగతి. అత్తకి దండం పెట్టి చెప్పండి, పాముకాటుకి పసరు వద్దు, వెంటనే ఆసుపత్రికి, యాంటీవీనమ్ ఒక్కటే మందు. అవ్వలు చెప్పిందల్లా పనిచేస్తుందని నేను ఎప్పుడూ అనను, పోయే ప్రాణాలు పేదవాళ్ళవే. ఆ యాంటీవీనమ్ ఎక్కడినుంచి వస్తుందో తెలుసా, తమిళనాడులో ఇరుళ పాములవాళ్ళు 1978లో పెట్టుకున్న సహకార సంఘం నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి పట్టి, విషం తీసి, పామును మళ్ళీ వదిలేస్తుంది, ఆ విషంతోనే మందు తయారవుతుంది. ఇరుళల దగ్గర అసలైన విద్య అది.

చీరకి ఒప్పుకోవద్దు, వీడియో వద్దు. కేరళలో కాణి తెగవాళ్ళు చూపించిన ఆరోగ్యపచ్చ అనే మొక్క నుంచి జీవని అనే మందు తయారుచేసి, 1990ల్లో లైసెన్సు ఇచ్చినప్పుడు, వచ్చిన ఫీజులో, రాయల్టీలో సగం ఆ తెగ ట్రస్టుకి ఇవ్వడానికి ఒప్పందం జరిగింది. ఒక ఆకు విలువ చీర కాదని దానితో తెలుస్తుంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం మీ పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి, అందులో మూడోవంతు ఆడవాళ్ళు ఉండాలి, ఊరి మొక్కలు, వాటి వాడకం రాసే రిజిస్టర్ ఉండాలి. అది ఉందో లేదో, ఉంటే ఆఫీసులో కూర్చుని ఎవరు నింపారో కార్యదర్శిని అడగండి. అందులో మొక్క పేరు, దేనికి వాడతారో, మీ అత్త పేరు రాయించండి. ఎంత పాళ్ళు, ఏం కలుపుతుంది అన్నది ఇంట్లోనే ఉండనివ్వండి.

ప్రశ్న: అన్నీ అర్జీ పెట్టండి అంటారు. మాకు అర్జీ రాయడం రాదు, రాయించుకుంటే డబ్బులడుగుతారు. (చాలామంది)

జవాబు: ఇదిగో, చూసి రాసేయండి. తెలుగులోనే రాయండి, ఇంగ్లీషు అక్కర్లేదు, పాత నోటుపుస్తకం కాగితమైనా ఫర్వాలేదు.

"తహసీల్దారు గారికి, ఫలానా గ్రామం, ఫలానా కాలనీ మహిళలు రాసుకున్న అర్జీ. మా గ్రామం సర్వే నంబరు ఫలానాలో ఉన్న చెరువులో ఫలానా తేదీ నుంచి మట్టి పోసి పూడుస్తున్నారు. ఫోటోలు, మా పెద్దలు చెప్పిన వివరాలు, చెరువు బొమ్మ జతచేశాము. తమరు సర్వేయర్ని పంపి, మా ముందు హద్దులు కొలిపించి, పూడ్చిన మట్టి తీయించి, తీసుకున్న చర్య మాకు రాతపూర్వకంగా తెలియజేయగలరు. కొలిచే రోజు ముందుగా చెప్పగలరు, మేమందరం వస్తాము."

కింద అందరి సంతకాలు, వేలిముద్రలు. రెండు నకళ్ళు తీయించండి. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఒకటి ఇచ్చి నంబరు ఉన్న రసీదు తీసుకోండి, మండల ఆఫీసులో ఇంకోటి ఇచ్చి మీ నకలు మీద సీలు వేయించుకోండి. సీలు వేయకుండా "చూస్తాంలే, పోండి" అంటే పోవద్దు, అక్కడే బెంచీ మీద కూర్చోండి. మధ్యాహ్నం అన్నం క్యారియర్లు తీసుకెళ్ళండి.